వేషం విప్పాక అడిగే ప్రశ్న

మా బావమరిది బతుకు మీద విరక్తి పుట్టిన మనిషి వేషం కట్టేవాడు. అదే వాడికి మా ఆవిడ ఇప్పించిన ఉద్యోగం. మా హాల్లో టీవీకీ బీరువాకీ మధ్య ఉన్న జాగాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, "నాకింక ఓపిక లేదండీ" అనేవాడు. సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్న నేను "అదిరింది" అనేవాణ్ణి. మా ఆవిడ చెవి మీద పెన్సిలు సర్దుకుంటూ "ఆ మాట అన్నాక కొంచెం ఆగరా, బావుంటుంది" అనేది. వాడు ఆగేవాడు. నిజంగానే బావుండేది.

ఇదంతా ఎందుకో చెప్పకపోతే మమ్మల్ని పిచ్చివాళ్ళనుకుంటారు. రాష్ట్ర ఆరోగ్యశాఖలో ఆత్మహత్యల నివారణ విభాగమని ఒకటుంది. మా ఆవిడ అందులో ట్రైనింగ్ ఆఫీసరు. చాలాకాలం ఆ విభాగం మెట్లకింద గదిలో, విరిగిన కుర్చీల పక్కన ఉండేది. ప్రాణాలు తీసుకునేవాళ్ళు ఏటికేడు పెరిగిపోతుంటే ప్రభుత్వం ఏం చేస్తోందని శాసనసభలో ఎవరో లేచి అడిగారు. అంతే, విభాగాన్ని రాత్రికి రాత్రి పై అంతస్తుకి ఎక్కించారు. ఏసీ పెట్టారు. మీటింగు హాల్లో గోడ నిండా ఒక పటం తగిలించారు. లక్షమందిలో ఎంతమంది పోతున్నారన్నది అందులో ఎర్రగీత. ఆ గీత ఎడమ నుంచి కుడికి ఎక్కుతూనే ఉంటుంది. డైరెక్టరుగారిని అక్కడ అందరూ పెద్దసారు అంటారు. ఆయన ప్రతి సమీక్షలోనూ గీత చివర వేలు పెట్టి "ఇది దిగాలి" అంటారట.

"పటం తలకిందులుగా తగిలిస్తే సరి" అన్నాను నేను.

"అలా తగిలించినా ఎక్కుతూనే ఉంటుంది. కాగితం మీద గీసి చూసుకో" అంది మా ఆవిడ.

గీసి చూశాను. ఎక్కుతూనే ఉంది. ఆ పూట నేనింక జోకులెయ్యలేదు.

మా ఆవిడ నమ్మకం ఒక్కటే. అడగాలి. "ఏంటి, అదోలా ఉన్నావు?" అని నీళ్ళు నమలకుండా, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే వాడి అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని జనానికి భయం. అలా పుట్టదని, లోపల ఉన్నదే బయటికి వస్తుందని, వస్తే సగం బరువు దిగుతుందని చెప్పి చెప్పి ఆవిడ గొంతు బొంగురుపోయింది. అడిగాక నీతులు చెప్పకూడదు. మనిషిని ఒంటరిగా వదలకూడదు. వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇదంతా డాక్టర్ల పనే అనుకుంటే కుదరదని, మంగలి షాపులవాళ్ళకీ, బస్సు కండక్టర్లకీ, హాస్టలు వార్డెన్లకీ నేర్పుతూ రాష్ట్రమంతా తిరిగేది.

కానీ ఆ మాట నోట్లోంచి రావడం అంత తేలిక కాదు. నన్నే అడగమంటే నాలుక మడతపడింది. కాబట్టి ప్రాక్టీసు కావాలి. ప్రాక్టీసుకి ఎదురుగా ఒక మనిషి కావాలి. అప్పుడు మా ఆవిడకి తమ్ముడు గుర్తొచ్చాడు.

వాణ్ణి ఊరంతా మైకు అనే పిలుస్తుంది. బస్‌స్టేషన్లో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెప్పడం వాడి పని. ఆ గొంతు వింటే, బస్సు తప్పిపోయినవాడు కూడా పోనీలే అనుకునేవాడు. అలాంటివాణ్ణి ఒకసారి ఆఫీసువాళ్ళు గోడలకి స్పాంజీ అంటించిన గదిలో కూర్చోబెట్టి ఊళ్ళ పేర్లన్నీ, అంకెలన్నీ, "ఆలస్యానికి చింతిస్తున్నాం"తో సహా చదివించారు. వీడు ఒళ్ళు మర్చిపోయి చదివాడు. చదవడం అయిపోయాక చేతిలో ఒక గోడగడియారం పెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఇప్పుడు బస్‌స్టేషన్లో మిషను మాట్లాడుతుంది. గొంతు మాత్రం వీడిదే. మనిషి ఒంటికాయ సొంఠికొమ్ము, ఎక్కడికి పోతాడు? మా మేడమీద గదిలోకి వచ్చాడు. ఆ గడియారానికి ఇప్పటిదాకా బ్యాటరీ వెయ్యలేదు.

మా ఆవిడ వాడికి వేషాలు రాసిచ్చింది. దివాలా తీసిన కొట్టువాడు, పరీక్ష తప్పిన కుర్రాడు, భార్య పోయిన ముసలాయన. అన్నీ వాడే. కండక్టర్లు ఒకరి తరవాత ఒకరు వచ్చి వాడి ఎదురుగా కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని అడగడం నేర్చుకున్నారు. చెప్పకుండా ఆసుపత్రులకి కూడా పంపేది. వీడు రోగిలా వెళ్ళి కూర్చుంటే అక్కడి డాక్టరు సూటిగా అడుగుతారా, లేక బలం మాత్రలు రాసి పంపేస్తారా అని పరీక్ష. దాన్ని డ్రిల్లు అంటారు. డ్రిల్లులో పడకదాకా వెళ్ళరు. అక్కడికి రాగానే మా ఆవిడ వెళ్ళి ఇది పరీక్షని చెప్పేస్తుంది, డాక్టరు "పడుకోబెట్టామనుకోండి" అంటాడు, అందరూ నవ్వుకుని టీ తాగుతారు. నిజం రోగికి కావలసిన పడకని వేషగాడికి ఇవ్వడం ఎందుకని మా ఆవిడే పెట్టిన పద్ధతి.

ఇంకో పద్ధతి కూడా పెట్టింది. వేషం వేసినవాడు ఆ దిగులుని ఒంటిమీద వేసుకుని ఇంటికి పోకూడదు. అందుకని అయిపోగానే ఒక చప్పట కొట్టి "వేషం విప్పు" అనేది. అప్పుడు మూడు ప్రశ్నలు అడిగేది. నువ్వెవరు? పొద్దున ఏం తిన్నావు? రేపు పొద్దున ఏం చేస్తావు? వీటికి మాత్రం అబద్ధం చెప్పకూడదు. అది ఒట్టు.

"నేను నీ తమ్ముణ్ణి. పొద్దున నువ్వు మాడబెట్టింది తిన్నాను. రేపు పొద్దున మళ్ళీ అదే తింటాను" అనేవాడు మైకు. కండక్టర్లు పగలబడి నవ్వేవాళ్ళు. గదిలో గాలి ఆడినట్టుండేది.

ఇంట్లో రిహార్సళ్ళు మాత్రం పోనుపోను పొడుగయ్యాయి. మా ఆవిడకి పనిలో రాజీ లేదు. ఒకరోజు వాడు కొట్టువాడి వేషంలో కూర్చుని, రాసిచ్చింది చెప్పడం మానేసి, కిటికీ వంక చూస్తూ "నేను చేసే పని నేను లేకుండానే జరిగిపోతోందండీ. ఎవరికీ తేడా తెలీడంలేదు. మరి నేనెందుకు?" అన్నాడు.

నేను లేచి చప్పట్లు కొట్టాను. మా ఆవిడ పెన్సిలు తీసింది.

"మాట బావుందిరా. కానీ మరీ స్పష్టంగా చెప్తున్నావు. నిజంగా ఆ స్థితిలో ఉన్నవాళ్ళు అంత స్పష్టంగా చెప్పరు. కొంచెం మింగు."

వాడు మళ్ళీ చెప్పాడు, సగం మింగి.

"ఇంకొంచెం మింగు."

ఇంకొంచెం మింగాడు. "అదీ" అంది మా ఆవిడ. ఆ వాక్యం ఆ తరవాత అన్ని వేషాల్లోకీ వచ్చేసింది. కొట్టువాడూ అదే అనేవాడు, ముసలాయనా అదే అనేవాడు.

ఆ ఊపులో ఉండగా పెద్దసారు దీన్ని వీడియో తీసి అన్ని ఆసుపత్రులకీ పంపుదామన్నారు. మీటింగు హాల్లో, ఎర్రగీత పటం ముందు, లైట్లు పెట్టి తీశారు. డ్రైవింగ్ నేర్పేవాళ్ళకి కూడా ట్రైనింగ్ ఉందని నన్నూ పిలిచారు కాబట్టి నేను వెనక వరసలో ఉన్నాను. మైకు కుర్చీలో కూర్చుని, అరిచేతులు చూసుకుంటూ, ఆ సగం మింగిన వాక్యం చెప్పాడు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఫైళ్ళు తప్ప మొహాలు చూడని గుమాస్తాలు కూడా ముక్కులు ఎగబీల్చారు. చప్పట్లు ఆగలేదు. మా ఆవిడ మొహం చూడాలి, తమ్ముడికి మొదటి బహుమతి వచ్చినట్టు వెలిగిపోయింది.

వేషం విప్పించడానికి చెయ్యెత్తింది. ఈలోపు పెద్దసారు "ఫొటో, ఫొటో" అని ఆవిణ్ణి లాక్కుపోయారు. మైకు అక్క వస్తుందేమోనని కుర్చీలోనే కాసేపు కూర్చుని, లైట్లు ఆర్పేశాక లేచాడు. దాన్ని మేమెవరం పట్టించుకోలేదు. తరవాత కూడా, ఇంతమంది ముందు నవ్వుతూ తిరిగిన మనిషికి ఇంకా ప్రశ్నలెందుకని ఆవిడ ఆ పద్ధతే మెల్లగా వదిలేసింది. వాడు తిండి తగ్గించాడు. అడిగితే "నటులం కదా బావా, ఒళ్ళు చూసుకోవాలి" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నాకు నవ్వడం తొందర.

నేను డ్రైవింగ్ స్కూల్లో మాస్టర్ని. నేర్చుకునేవాళ్ళ పక్కసీట్లో కూర్చుంటాను. నా కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. మైకుకి ఇంకో పని దొరకాలంటే బండి నడపడం వచ్చి ఉండాలని, ఆదివారం పొద్దున్న గోడౌన్ల వెనక రోడ్డు మీదికి తీసుకెళ్ళేవాణ్ణి. బాగానే నడిపేవాడు. గేరు మార్చేటప్పుడు పెదవి కొరుక్కునేవాడు, అంతే.

ఆ ఆదివారం ఒక గోడౌను గేట్లోంచి నీళ్ళ ట్యాంకరు అడ్డంగా బయటికి వచ్చింది. దూరం చాలానే ఉంది. ఎంత కొత్తవాడైనా ఆపేయగలడు. నేను వాడి కాలి వంక చూశాను, అలవాటు కొద్దీ. భయపడ్డ కాలు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఎగిరిపడుతుంది, తప్పు పెడల్ మీద పడుతుంది, లేకపోతే బిగుసుకుపోతుంది. ఈ కాలు హాయిగా ఉంది. ఉన్నచోటే ఉంది. నేను బ్రేకు తొక్కాను. బండి కీచుమంటూ ఆగింది. ట్యాంకరువాడు మా ఇద్దరి వంశాలనీ పేరుపేరునా తలుచుకుని వెళ్ళాడు.

"నిద్రపోతున్నావా?" అన్నాను.

"లేదు బావా, చూశాను."

"చూస్తే తొక్కాలి కదరా."

వాడు స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచి "నీ దగ్గర కూడా బ్రేకుంటుందని మర్చిపోయా" అన్నాడు.

గాడిదా అని తిట్టి, నవ్వి, నేను నడుపుకుంటూ ఇంటికొచ్చాను. మధ్యాహ్నం వాడు తిననని మేడ మీదికి పోయాడు. అన్నం దగ్గర మా ఆవిడకి ఈ కథ చెప్పాను. ట్యాంకరువాడి తిట్లు, వాడి గొంతుతోనే. చివర్న మైకు మాట కూడా మైకులాగే అనుకరించాను. ఆవిడ నవ్వుతుందని చూశాను. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఏమన్నాడు? మళ్ళీ చెప్పు."

ఈసారి అనుకరించకుండా నా గొంతుతో చెప్పాను. "నీ దగ్గర కూడా బ్రేకుంటుందని మర్చిపోయా." అందులో జోకు ఎక్కడుందో ఎంత వెతికినా కనపడలేదు.

ఆవిడ చెయ్యి కూడా కడుక్కోలేదు. మెట్లెక్కింది. వెనకే నేను. మైకు మంచం మీద కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతున్నాడు. వాడి జన్మలో వాడు బట్టలు మడతపెట్టగా నేను చూడలేదు. ఆవిడ ఎదురుగా నేలమీద కూర్చుంది. రాష్ట్రమంతా తిరిగి అందరికీ నేర్పిన మాట. అది ఇప్పుడు తమ్ముణ్ణి అడగాలి.

"చచ్చిపోవాలనిపిస్తోందారా?"

వాడు వెన్ను నిటారుగా పెట్టుకున్నాడు. ఆవిడ కళ్ళలోకి చూశాడు. "లేదండీ. అప్పుడప్పుడు దిగులుగా ఉంటుంది గానీ ఆ ఆలోచన రాదు. మనసు విప్పి మాట్లాడుకోడానికి నాకు మనుషులున్నారు. ముందు ముందు చేసుకోవాల్సిన పనులు కూడా ఉన్నాయి."

పొరపాటు లేదు, తడబాటు లేదు. సొంత అక్కని అండీ అన్నాడు.

మా ఆవిడ నన్ను గది బయటికి లాక్కొచ్చింది. చేతికి అంటిన అన్నం నా చొక్కాకి అంటుకుంది. "అది నేను రాసిచ్చిందే" అంది. "ఇలా చెప్తే కంగారు పడక్కర్లేదని ట్రైనింగులో చెప్పే జవాబు. అక్షరం కూడా మారలేదు. నేను అడగాల్సినవన్నీ వాడికి వచ్చు. ఏం చెప్తే వదిలేస్తానో కూడా వచ్చు. అన్నీ నేనే నేర్పాను. ఇప్పుడు నేనేం అడగను? చెప్పు, ఏం అడగను?"

నాకేం తెలుసు? నాకు కాళ్ళు తెలుసు. "అడగొద్దు. ఆసుపత్రికి తీసుకెళ్దాం పద" అన్నాను.

"డ్రిల్లా? ఆదివారం కూడానా?" అన్నాడు మైకు, లోపలినుంచే. లేచి కొక్కేనికి ఉన్న వెలిసిపోయిన చొక్కా అందుకున్నాడు. అది వేషాలకి వేసుకునేది.

"ఆ చొక్కా వద్దు. నీది వేసుకో."

వాడు మడతపెట్టిన బట్టల వంక కొత్తగా చూస్తున్నట్టు చూసి "నాది ఏదక్కా?" అన్నాడు. ఆవిడే ఒకటి తీసి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు తొడిగింది.

బండి నెత్తిమీద డ్రైవింగ్ స్కూలు బోర్డుతోనే బయల్దేరాం. వాళ్ళిద్దరూ వెనక కూర్చున్నారు. ఆవిడ వాడి మణికట్టు పట్టుకుని ఉంది. బస్‌స్టేషన్ దగ్గర సిగ్నల్ పడింది. పడాలా అక్కడే? లౌడ్‌స్పీకర్లోంచి వాడి గొంతు, తీరిగ్గా, ఒక్కో అంకెనీ దువ్వి పెట్టినట్టు చెప్తోంది. చివర్న ఆలస్యానికి చింతించింది.

"నాకన్నా వాడే బాగా చెప్తాడు బావా" అన్నాడు మైకు. "వాడికి దగ్గు కూడా రాదు."

మా ఆవిడ అద్దం పైకెక్కించింది. గొంతు అయినా వినిపిస్తూనే ఉంది. ఆ ఆకుపచ్చ లైటు కోసం చూసినంత ఆత్రంగా నేను దేనికోసమూ చూడలేదు.

ఆసుపత్రిలో అత్యవసర విభాగం ముందు బెంచీల నిండా జనం. చేతికి గుడ్డ చుట్టుకున్నవాడు, జ్వరంతో తూలుతున్న పిల్లని ఒళ్ళో వేసుకున్న తల్లి. లోపల డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ వయసులో చిన్నది. మైకుని చూడగానే మొహం విచ్చుకుంది.

"మైకుగారూ! సిస్టర్, ఇటు రండి, వీడియోలో ఈయనే." మా ఆవిడకి నమస్కారం పెట్టింది. "పోయినసారి మీరు డ్రిల్లు చేసినప్పుడు నాకు మంచి మార్కులు వేశారు మేడం. మా ఇంట్లో కూడా చెప్పుకున్నాను."

"ఇది డ్రిల్లు కాదు డాక్టరమ్మా. వీడు నా తమ్ముడు. నిజంగా బాగాలేదు."

డాక్టరమ్మ నవ్వు అలాగే ఉంది. "అర్థమైంది మేడం. ఈసారి కుటుంబసభ్యుల పాత్రలు కూడా పెట్టారన్నమాట. సార్ కూడా నటిస్తున్నారా?" అని నా వంక చూసింది. నా చొక్కా మీద అన్నం మెతుకులు చూసి మేకప్పు అనుకుందో ఏమో. తరవాత కుర్చీ లాక్కుని, గొంతు మెత్తగా చేసుకుని, మా ఆవిడ నేర్పించినట్టే, ఎక్కడా తప్పు పట్టడానికి లేకుండా అడిగింది. "చచ్చిపోవాలనిపిస్తోందా?"

మైకు మళ్ళీ వెన్ను నిటారుగా పెట్టాడు. మళ్ళీ అదే జవాబు, అండీలతో సహా.

"సరే మేడం" అంది డాక్టరమ్మ. "అయినా కుటుంబం ఆందోళనగా ఉంది కాబట్టి నేను పంపించను. పడుకోబెట్టామనుకోండి. సరిపోతుందా? బయట నిజం పేషెంట్లు ఉన్నారు."

నిజం పేషెంట్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఆ పిల్లని ఏమని తిట్టను? ఆ పిల్ల చేసింది మేము నేర్పిందే.

"డ్రిల్లు కాదంటున్నానా" అంది మా ఆవిడ. అరిచినట్టే అంది. డాక్టరమ్మ ఈసారి కొంచెం తికమకపడి మైకు వంక చూసింది. ఆ గదిలో ఈ చిక్కు విప్పగలిగినవాడు వాడొక్కడే. తప్పించుకుపోయే దారి కూడా వాడి చేతిలోనే ఉంది. ఒక్క మాట చాలు.

వాడు చక్కగా నవ్వాడు. "డ్రిల్లేనండీ. మా అక్కకి పని పిచ్చి, ఆదివారం కూడా వదలదు" అని లేచి నిలబడ్డాడు.

డాక్టరమ్మ హమ్మయ్య అనుకుంది. నర్సు తెర పక్కకి లాగింది. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను, ఏం చెయ్యాలో తెలీక. ఎంతసేపు నిలబడతాను? ఇవాళ నిలబడతాను, మరి రేపు? నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు మా ఆవిడ చప్పట కొట్టింది. ఒక్కటే.

"వేషం విప్పు."

మైకు ఆగిపోయాడు. అన్నాళ్ళ అలవాటు, ఒళ్ళే ఆగింది. మెల్లగా వచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"నువ్వెవరు?"

"నీ తమ్ముణ్ణి."

"పొద్దున ఏం తిన్నావు?"

"ఏం తినలేదు. నువ్వు పెట్టింది వీధికుక్కకి వేశాను."

డాక్టరమ్మ ఫక్కున నవ్వింది. పోయినసారి కూడా వాడు ఇలాగే నవ్వించాడు. మూడోదానికి ఇంకా పెద్ద జోకు ఉంటుందని ఆ పిల్లకి తెలుసు. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది.

"రేపు పొద్దున ఏం చేస్తావు?" అంది మా ఆవిడ.

వాడు నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నా వంక చూశాడు, ఏదైనా అందిస్తానేమోనని. ఎప్పుడూ మాటలకి వెతుక్కోని మనిషి, మైకుముందు కూర్చుంటే నీళ్ళు తాగినంత తేలిగ్గా మాట్లాడినవాడు, ఆ చిన్న ప్రశ్న ముందు ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయాడు. బయట బెంచీ మీద పిల్ల ఏడుస్తోంది. డాక్టరమ్మ నవ్వు కాసేపు జోకు కోసం కాచుకుని, ఇంక రాదని తెలిసి, మెల్లగా పోయింది. గడ్డం కింద చెయ్యి తీసేసింది.

"చెప్పు. దీనికి అబద్ధం చెప్పకూడదు. ఒట్టు" అంది మా ఆవిడ.

"రేపు పొద్దున లేదక్కా" అన్నాడు వాడు.

మా ఆవిడ కదల్లేదు. కళ్ళు తుడుచుకోలేదు. "చచ్చిపోవాలనిపిస్తోందారా?" అని మళ్ళీ అడిగింది. ఇంట్లో అడగడం వేరు, ఇది వేరు.

"ఆఁ" అన్నాడు.

డాక్టరమ్మ లేచి వెళ్ళి నర్సు చెవిలో కాకుండా పైకే చెప్పింది. "సిస్టర్, పడక చూడండి. అనుకోవడం కాదు, నిజంగానే. పక్కన ఎప్పుడూ ఒకరుండాలి. సైకియాట్రీ వాళ్ళని పిలవండి." వచ్చి కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది. "ఎప్పటినుంచండీ ఇలా?" అంది.

మైకు డాక్టరమ్మ మీద జాలిపడ్డట్టు చూశాడు. "పోయినసారి వచ్చాను చూడండి. మీరు చాలా బాగా అడిగారు. అప్పుడు నేను చెప్పింది కూడా నిజమేనండీ." కాసేపు అరిచేతులు చూసుకున్నాడు. "వీడియోలో చెప్పింది కూడా. ఇంట్లో కుర్చీలో చెప్పినవీ. మొదట్లో వేషమే అక్కా, ఒట్టు. ఎక్కడ మారిందో నాకే తెలీలేదు. వేషంలో ఉంటే చెప్పడం తేలిగ్గా ఉండేది. మొదట్లో స్పష్టంగానే చెప్పాను. నువ్వు మింగమన్నావు కదా అని మింగాను."

నిష్ఠూరంగా అనలేదు. బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పినట్టు చెప్పాడు. ఆ మాటకి మా ఆవిడ కింద పడిపోతుందనుకున్నాను. నేనైతే పడిపోయేవాణ్ణి. మా హాల్లో నేను కొట్టిన చప్పట్లన్నీ నా చెంపల మీద పడుతున్నట్టుంది.

ఆవిడ పడిపోలేదు. చెవి మీద పెన్సిలు ఇంకా అలాగే ఉంది, పొద్దున్నుంచీ. అది తీసి వెనక్కి చూడకుండా నా చేతికిచ్చింది. స్టూలు లాక్కుని, వాడి మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. మెతుకులు ఎండిపోయిన చేత్తోనే వాడి రెండు చేతులూ పట్టుకుంది.

"మొదటినుంచి చెప్పరా. ఏం మింగకు. నేనేం దిద్దను."

వాడు చాలాసేపు ఆవిడ మొహంలోకి చూశాడు. నిజంగానే దిద్దదా అని చూసినట్టుంది.

"నాకింక ఓపిక లేదక్కా" అన్నాడు.

ఆ మాట అన్నాక ఈసారి ఆగలేదు.